ఓడలు పెరిగాయా, దారి పెరిగిందా?

విస్తరణ పూర్తయ్యాక విశాఖపట్నం హెచ్‌పీసీఎల్ రిఫైనరీ సామర్థ్యం ఏడాదికి 1.5 కోట్ల టన్నులకు చేరింది. ఆ ముడిచమురు వచ్చేది సముద్రం మీదుగానే. వీఎల్‌సీసీ అని పిలిచే భారీ ట్యాంకర్ నౌక ఒక్క విడతలో సుమారు 2.7 లక్షల టన్నులు, అంటే 20 లక్షల బ్యారెళ్లు మోసుకొస్తుంది. ఆ లెక్కన రిఫైనరీ పూర్తిస్థాయిలో నడవాలంటే వారానికి ఒకటికి కాస్త ఎక్కువగా ఇలాంటి ఓడలు రావాలి. అంత పెద్ద ఓడ తీరానికి దూరంగా నడి సముద్రంలో తేలే బోయా దగ్గరే ఆగి, గొట్టాల గుండా సరుకు దించి వెళ్లిపోతుంది. ఆర్‌కే బీచ్‌లో షికారుకొచ్చినవాళ్లు దాన్ని పట్టించుకోరు. వారానికి ఒక్క ఓడే కదా అనిపిస్తుంది. కానీ ఆ ఒక్కటి వారం వారం తప్పకుండా రావాలంటే దాని వెనక సముద్రాల మీద ఎన్ని ఓడలు తిరుగుతూ ఉండాలి?

దేశం మొత్తానికి లెక్క వేసి చూద్దాం. 2024-25లో మనం దిగుమతి చేసుకున్న ముడిచమురు సుమారు 24.3 కోట్ల టన్నులు. రోజుకు 48 లక్షల బ్యారెళ్ల పైమాటే. ఇదంతా వీఎల్‌సీసీల్లోనే వస్తుందనుకుందాం. నిజానికి చిన్న ఓడల్లోనూ వస్తుంది, లెక్క తేలిక కోసమే ఈ ఊహ. అంటే రోజుకు దాదాపు రెండున్నర ఓడల సరుకు దిగాలి. సౌదీ అరేబియాలోని రస్ తనూరాలో నింపుకున్న ఓడ విశాఖ దాకా వచ్చి, సరుకు దించి, తిరిగివెళ్లి మళ్లీ నింపుకోవడానికి సిద్ధమయ్యేసరికి మొత్తం మీద 25 రోజులు పడుతుంది. ఈ లెక్కన 60 ఓడలుంటే దేశం పని నడిచిపోతుంది. అదే చమురును అమెరికాలోని టెక్సస్ తీరంలో కొని, ఆఫ్రికా చుట్టూ తిప్పి తెచ్చుకుంటే రానూపోనూ 85 రోజులు. అప్పుడు 200కు పైగా ఓడలు కావాలి. ప్రపంచంలో ఉన్న వీఎల్‌సీసీలన్నీ కలిపితేనే సుమారు 900. మన బంకుల్లో ఒక్క లీటరు పెట్రోలు కూడా అదనంగా అమ్ముడుపోలేదు, ఒక్క కొత్త రిఫైనరీ కూడా రాలేదు. కొనే చోటు మారిందంతే. దానికే ప్రపంచంలోని పెద్ద ఓడల్లో ఆరో వంతు అదనంగా కావాల్సి వస్తుంది.

ముడిచమురు ట్యాంకర్ల సంఖ్య పెరిగిందనో తగ్గిందనో పరిశ్రమ నివేదికలు చెప్పినప్పుడల్లా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. సరుకు బరువును అది ప్రయాణించే దూరంతో గుణిస్తే వచ్చే టన్ను-మైళ్లే ఈ వ్యాపారంలో అసలు కొలమానం. చమురు వాడకం సాధారణంగా ఏటా ఒకటి రెండు శాతం మించి కదలదు. దూరాన్ని మాత్రం ఒక యుద్ధం, ఒక ఆంక్ష, మూతబడ్డ ఒక కాలువ రాత్రికి రాత్రే రెట్టింపు చేయగలవు. ఓడ కట్టడానికేమో రెండు మూడేళ్లు పడుతుంది. ట్యాంకర్ల చరిత్రలోని లాభాలూ దివాలాలూ చాలావరకు ఈ తేడాలోంచి పుట్టినవే.

కాలువ మూతబడిన ఎనిమిదేళ్లు

1967 జూన్‌లో ఇజ్రాయెల్‌కు, అరబ్ దేశాలకు మధ్య ఆరు రోజుల యుద్ధం జరిగింది. యుద్ధం ఆరు రోజుల్లో ముగిసినా, దాంతో మూతబడిన సూయజ్ కాలువ ఎనిమిదేళ్ల దాకా తెరుచుకోలేదు. గల్ఫ్ చమురు యూరప్ చేరాలంటే గుడ్‌హోప్ అగ్రం చుట్టి వెళ్లక తప్పలేదు. కాలువలోంచి వెళ్లాలి కాబట్టి ఓడ ఇంతకు మించకూడదు అన్న హద్దు కూడా దాంతో చెరిగిపోయింది. దూరం ఎటూ పెరిగినప్పుడు ఒకేసారి ఎక్కువ మోసే ఓడే లాభం. 1966లో జపాన్‌లో నీళ్లలోకి దిగిన ఇదెమిత్సు మారు రెండు లక్షల టన్నులు దాటిన తొలి ట్యాంకర్. రెండేళ్లు తిరక్కుండానే మూడు లక్షల టన్నులు దాటిన యూనివర్స్ ఐర్లండ్ వచ్చింది. 1976లో ఫ్రాన్స్ కట్టిన బాటిలస్ అయిదున్నర లక్షల టన్నులది. ఓడ యజమానులకు అవి పండగ రోజులు. వచ్చిన లాభమంతా మళ్లీ ఓడల మీదే పెట్టారు. 1973 నాటికి ప్రపంచంలోని షిప్‌యార్డులన్నీ ట్యాంకర్ల ఆర్డర్లతో కిటకిటలాడాయి.

ఆ ఏడాది అక్టోబరులో మరో యుద్ధం వచ్చింది. అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. బ్యారెల్ ధర కొన్ని నెలల్లోనే 3 డాలర్ల స్థాయి నుంచి 12 డాలర్ల దగ్గరకు ఎగబాకింది. వాడకం తగ్గింది. 1975 జూన్‌లో సూయజ్ తిరిగి తెరుచుకుంది. నిరుడు మిర్చికి మంచి ధర పలికిందని ఈ ఏడు ఊరంతా మిర్చే వేస్తే కోతల వేళకు ఏమవుతుందో గుంటూరు రైతుకు చెప్పక్కర్లేదు. 1973లో ఆర్డరిచ్చిన ఓడలు 1975, 76, 77లలో ఒకదాని వెంట ఒకటి వచ్చి పడుతూనే ఉన్నాయి. వాటికి సరుకు లేదు. కొన్నింటిని షిప్‌యార్డు నుంచి నేరుగా తీసుకెళ్లి నార్వే ఫ్యోర్డుల్లో లంగరు వేసి ఉంచారు. బాటిలస్ తోబుట్టువు పియర్ గియోమా 1977లో పనిలోకి దిగింది. 1983లోనే తుక్కు కింద ముక్కలైంది. పాతికేళ్లు బతకాల్సిన ఓడ ఆరేళ్లకే పోయిందన్నమాట.

ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ లెక్కల్లో ఈ పతనం స్పష్టంగా కనిపిస్తుంది. ముడిచమురు, శుద్ధి చేసిన ఉత్పత్తులు మోసేవి రెండూ కలిపి ప్రపంచ చమురు ఓడల మోసే శక్తి 1980లో 33.9 కోట్ల టన్నులు. 1990 నాటికి 24.6 కోట్లకు పడిపోయింది. 2000లో కూడా 28.2 కోట్లే. అంటే ఇరవయ్యేళ్ల తర్వాత కూడా పాత స్థాయికి చేరలేదు. ఆ ఇరవయ్యేళ్లలో చమురు వాడకం తగ్గిందా అంటే అదీ లేదు. 2000లో ప్రపంచం 1980 కంటే ఎక్కువే కాల్చింది. చిక్కింది దూరమే. ఉత్తర సముద్రం, అలాస్కా, మెక్సికో చమురు మార్కెట్లకు దగ్గర్లోనే దొరకడంతో యూరప్, అమెరికాలకు గల్ఫ్ మీద అంతగా ఆధారపడాల్సిన పని లేకపోయింది. దానికి తోడు సూయజ్ దారి మళ్లీ తెరుచుకుని ఉంది.

ఆ కాలపు గర్వానికీ వృథాకూ సాక్ష్యంగా నిలిచిన ఓడ ఒకటుంది, దాని ఆఖరి మజిలీ మన దేశమే. సీవైజ్ జయంట్. 458 మీటర్ల పొడవు, 5.64 లక్షల టన్నులు. మనిషి కట్టిన ఓడల్లో దాన్ని మించిన పొడవైనది లేదు. జపాన్‌లో కట్టించుకున్న గ్రీకు యజమాని తీసుకోకపోవడంతో హాంకాంగ్ వ్యాపారి సి.వై. తుంగ్ కొని, ఇంకా పొడిగింపజేశారు. నిండుగా ఎక్కిస్తే నీళ్లలో 24 మీటర్లకు పైగా మునిగేది. సూయజ్, పనామాల సంగతి సరే, ఇంగ్లిష్ చానల్ కూడా దాటలేకపోయేది. 1988లో ఇరాన్-ఇరాక్ యుద్ధంలో ఇరాకీ విమానాలు లారక్ దీవి దగ్గర దాని మీద బాంబులేశాయి. మునిగిన దాన్ని పైకి తీసి బాగుచేశారు, పేర్లు మార్చారు. చివరి ఏళ్లలో ఖతార్ తీరంలో కదలని చమురు గిడ్డంగిగా పనిచేసింది. 2009 డిసెంబరులో గుజరాత్‌లోని ఆలంగ్ ఒడ్డుకు ఎక్కించి ముక్కలు చేశారు. అంత పెద్ద ఓడ మళ్లీ ఎవరూ కట్టలేదు.

2001లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక కథ మళ్లీ మొదలైంది. చైనా కోసం గల్ఫ్ నుంచీ, పశ్చిమాఫ్రికా నుంచీ చమురు తూర్పుకు కదలడం మొదలుపెట్టింది. ఇది సుదీర్ఘమైన దారి. అదే సమయంలో ఒంటి పొర ఓడలను తీసేయాల్సి వచ్చింది. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ చేసిన కాలుష్యం చూశాక రెండు పొరల ఓడలే ఉండాలని అమెరికా మొదట, తర్వాత అంతర్జాతీయ సముద్ర సంస్థ నిబంధన పెట్టాయి. 2002లో స్పెయిన్ తీరాన ప్రెస్టీజ్ చేసిన కాలుష్యం తర్వాత ఆ గడువును ఇంకా ముందుకు జరిపారు. కొత్త గిరాకీ ఒకవైపు, పాత ఓడల విరమణ ఇంకోవైపు. మళ్లీ ఆర్డర్ల వెల్లువ. అవి చేతికొచ్చే వేళకు 2008 ఆర్థిక సంక్షోభం వచ్చి కూర్చుంది. 2010 నాటికి చమురు ఓడల మోసే శక్తి 45 కోట్ల టన్నులకు చేరింది, కిరాయిలు నేలకు దిగాయి. 2011లో జనరల్ మారిటైమ్, 2012లో ఓవర్సీస్ షిప్‌హోల్డింగ్ గ్రూప్ దివాలా కోర్టు మెట్లెక్కాయి. ఈ రెండో దఫా మొదటి దానికి నకలే, కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

ఎవరూ కట్టని ఓడలు, ఎవరూ విరవని ఓడలు

2020 ఏప్రిల్‌లో కొవిడ్ వల్ల ప్రపంచం ఇళ్లలో కూర్చున్నప్పుడు చమురు దాచడానికి చోటు కరవై, అమెరికా చమురు ఫ్యూచర్స్ ధర ఒక రోజు సున్నా కిందికి, మైనస్ 37 డాలర్లకు పడింది. అప్పుడు ఓడలే గోదాములయ్యాయి. రోజు కిరాయి 2 లక్షల డాలర్లు దాటింది. మరుసటి ఏడాదే గోదాములు ఖాళీ అయి, ఓడలన్నీ ఒకేసారి మార్కెట్లోకొచ్చి పడ్డాయి. 2021లో గల్ఫ్-చైనా దారిలో నడిచిన చాలా వీఎల్‌సీసీలకు ఇంధన ఖర్చు పోను చేతికేమీ మిగల్లేదు. ఒక్కోసారి యజమానే ఎదురు పెట్టుకోవాల్సి వచ్చింది. ఇంకోవైపు కర్బన నిబంధనలు బిగుస్తున్నాయి. 2045 దాకా తిరగాల్సిన ఓడలో ఏ ఇంధనం వాడే ఇంజిన్ పెట్టాలో ఎవరికీ తేలలేదు. షిప్‌యార్డులేమో కంటైనర్ ఓడలతో, ద్రవీకృత గ్యాస్ ఓడలతో నిండిపోయాయి. ఫలితంగా 2021 మధ్య నుంచి దాదాపు రెండేళ్లు వీఎల్‌సీసీ ఆర్డర్లు నామమాత్రం. 2024లో ప్రపంచం మొత్తానికి కొత్తగా వచ్చిన వీఎల్‌సీసీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ముడిచమురు ఓడల బలగం ఆ ఏడాది దాదాపు పెరగనే లేదు.

సరిగ్గా ఆ సమయంలోనే దారి పొడవైంది. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తింది. ఆ డిసెంబరు 5 నుంచి ఐరోపా సమాఖ్య సముద్రం మీదుగా వచ్చే రష్యా ముడిచమురును నిషేధించింది. జీ7 దేశాలు బ్యారెల్‌కు 60 డాలర్ల పరిమితి పెట్టాయి. అంతకంటే ఎక్కువకు అమ్మే చమురును మోసే ఓడకు పాశ్చాత్య బీమా దొరకదన్నది అప్పటి షరతు. బాల్టిక్ తీరంలోని ప్రిమోర్స్క్ నుంచి నాలుగైదు రోజుల్లో రోటర్‌డామ్ చేరే సరుకు, సుమారు నెల రోజులు ప్రయాణించి వాడినార్‌కో, జామ్‌నగర్‌కో, పారాదీప్‌కో రావడం మొదలైంది. దూరం అయిదారు రెట్లయింది. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో 2 శాతం కూడా లేని రష్యా వాటా 2023లో మూడో వంతు దాటింది. ఇటు యూరప్ కూడా ఖాళీగా కూర్చోలేదు. రష్యా చమురు బదులు అమెరికా, బ్రెజిల్, గల్ఫ్ దేశాల నుంచి తెచ్చుకుంది. దాని దారీ పెరిగింది. ప్రపంచం తాగే చమురు అంతే, దాన్ని మోసే శ్రమ మాత్రం పెరిగింది.

కొత్త ఓడలు లేనప్పుడు ఆ శ్రమ ఎవరు చేస్తారు? ముసలి ఓడలు. ట్యాంకర్‌కు 15 ఏళ్లు దాటితే పెద్ద చమురు కంపెనీలు అద్దెకు తీసుకోవడానికి వెనకాడతాయి. 20 దాటితే మామూలుగా ఆలంగ్‌కో, బంగ్లాదేశ్‌లోని చట్టోగ్రామ్‌కో చేరి తుక్కవుతుంది. 2022 తర్వాత ఆ ఆనవాయితీ తప్పింది. విరిస్తే సుమారు 2 కోట్ల డాలర్లు వచ్చే ఓడకు, నడిపించుకుంటామని వచ్చిన ఊరూ పేరూ తెలియని కంపెనీలు దాదాపు రెట్టింపు ఇచ్చాయి. గ్రీకు యజమానులు సంతోషంగా అమ్ముకున్నారు. తప్పు పట్టడానికి లేదు, అప్పటికది చట్టవిరుద్ధమేమీ కాదు. ముంబయి శివారులోని ఒక మాల్ చిరునామాతో నడిచిన కంపెనీ ఏడాదిన్నరలో పదుల కొద్దీ ట్యాంకర్లకు యజమాని అయిపోయిందని 2023లో అంతర్జాతీయ పత్రికలు రాశాయి. ఇలా పుట్టిందే షాడో ఫ్లీట్. ఎన్ని ఓడలున్నాయంటే 600 అనేవాళ్లున్నారు, వెయ్యి దాటాయనేవాళ్లూ ఉన్నారు. ఇరాన్, వెనెజువెలా చమురు మోసేవి కలపాలా వద్దా, ఒక్కసారి రష్యా సరుకు మోసిన ఓడను లెక్కించాలా అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది.

ఇక్కడే ఓడల లెక్క రెండుగా చీలిపోయింది. కాగితం మీద బలగం తగ్గలేదు. విరగ్గొట్టాల్సినవి కూడా తిరుగుతున్నాయి కాబట్టి తగ్గే అవకాశమే లేదు. ఇప్పుడున్న వీఎల్‌సీసీల్లో దాదాపు ఐదింట ఒకటి 20 ఏళ్లు పైబడినదే. పెద్ద కంపెనీ, మంచి రేవు, నమ్మకమైన బ్యాంకు ఒప్పుకునే ఓడలను మాత్రమే లెక్కిస్తే బలగం కుంచించుకుపోయింది. దాన్ని కుదించడానికి తుఫానో యుద్ధమో అక్కర్లేదు, సంతకం చాలు. 2019 సెప్టెంబరులో చైనాకు చెందిన కాస్కో అనుబంధ ట్యాంకర్ కంపెనీ మీద అమెరికా ఆంక్షలు పెడితే, రెండు వారాల్లోనే కిరాయిలు ఆకాశాన్నంటాయి. 2025 జనవరి 10న బైడెన్ ప్రభుత్వం వెళ్లిపోతూ వెళ్లిపోతూ ఒకే రోజు 183 ఓడలను ఆంక్షల జాబితాలో చేర్చింది. ఐరోపా సమాఖ్య జాబితా ఆ ఏడాది అక్టోబరుకు 550 దాటింది. అదే నెలలో అమెరికా రోస్‌నెఫ్ట్, లుకోయిల్‌ల మీద ఆంక్షలు ప్రకటించాక మన రిఫైనరీల్లో కొన్ని మళ్లీ గల్ఫ్ వైపు, అమెరికా వైపు తిరిగాయి. మంచి పేరున్న ఓడల కోసం అందరూ ఒకేసారి ఎగబడ్డారు. ఒపెక్ దేశాలూ ఉత్పత్తి పెంచి ఉన్నాయి. నవంబరు నాటికి వీఎల్‌సీసీ రోజు కిరాయి లక్ష డాలర్లు దాటింది.

ఆ లక్ష డాలర్లు మన జేబుకు ఎంత దూరం? గల్ఫ్ నుంచి 25 రోజుల చుట్టుకు 25 లక్షల డాలర్లు. 20 లక్షల బ్యారెళ్లకు పంచితే బ్యారెల్‌కు డాలరుంపావు, ఇంధన ఖర్చు కాకుండా. లీటరుకు 70 పైసలు. అమెరికా నుంచి 85 రోజుల చుట్టుకైతే బ్యారెల్‌కు 4 డాలర్ల పైన, లీటరుకు సుమారు రెండు రూపాయల ముప్పై అయిదు పైసలు. రష్యా ఇచ్చే రాయితీ ఎంత అని లెక్కలు వేసేవాళ్లు ఈ రెండో లెక్క కూడా పక్కనే పెట్టుకోవాలి. రాయితీ పోవడం ఒక నష్టం, దూరం పెరగడం రెండో నష్టం. రెండూ కలిసే వస్తాయి.

ఈ చీలికలో ఒక విడ్డూరం కూడా ఉంది. 2023 నవంబరు నుంచి ఎర్రసముద్రంలో యెమెన్ హూతీలు ఓడల మీద దాడులు మొదలుపెట్టారు. నిబంధనలు పాటించే పెద్ద కంపెనీల ట్యాంకర్లు చాలావరకు ఆఫ్రికా చుట్టూ పోయాయి. రష్యా సరుకుతో మన దేశానికొచ్చే ఓడలు మాత్రం చాలావరకు అదే దగ్గర దారిలో నడుస్తూ వచ్చాయి. మచ్చ లేని ఓడకు దూరపు దారి, మచ్చ ఉన్న ఓడకు దగ్గరి దారి! అయితే అవి పూర్తిగా క్షేమమని కాదు. రష్యా నాఫ్తాతో వెళ్తున్న మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌ను 2024 జనవరి 26న గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో క్షిపణి తాకింది. ఆ ఓడ సిబ్బందిలో 22 మంది భారతీయులే. మంటలార్పడానికి వెళ్లింది మన నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ విశాఖపట్నం.

చవక సరుకు, ఖరీదైన ప్రమాదం

చవకగా దొరికిన చమురు కొన్నందుకు మన ప్రభుత్వాన్ని నిందించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. 88 శాతం చమురు బయటి నుంచి తెచ్చుకునే దేశం ధర చూసే కొంటుంది. రష్యా చమురు కొనకూడదని అంతర్జాతీయ చట్టమేదీ లేదు కూడా. అడగాల్సిన ప్రశ్న వేరు. అది మోసుకొచ్చిన ఓడకు ప్రమాదం జరిగితే నష్టం ఎవరు భరిస్తారు?

2023 మే 1న పాబ్లో అనే ట్యాంకర్ మలేసియా తీరానికి దగ్గర్లో పేలిపోయింది. 1997లో కట్టిన ఓడ, గాబన్ జెండా. ముగ్గురు సిబ్బంది గల్లంతయ్యారు. అంతకు కొద్ది రోజుల ముందే చైనాలో సరుకు దించేసి ఉండటం అదృష్టం. తర్వాత మలేసియా అధికారులకు ఎదురైన అసలు చిక్కు ఓడ యజమాని ఎవరో తేలకపోవడం. బీమా కంపెనీ ముందుకు రాలేదు. కాలిపోయిన ఆ శవం లాంటి ఓడ నెలల తరబడి అక్కడే ఉండిపోయింది. అదే నిండు ట్యాంకర్ అయ్యుంటే? ప్రపంచంలోని ఓడల టన్నేజీలో సుమారు 90 శాతానికి బీమా ఇచ్చే క్లబ్బుల కూటమి ఒకటుంది. చమురు ఒలికితే మత్స్యకారుడికి పరిహారం వచ్చేది సాధారణంగా దాని నుంచే. షాడో ఫ్లీట్ ఓడల్లో అత్యధికం ఆ కూటమికి వెలుపల ఉన్నవే. రష్యా సరుకు ఆగకూడదని మన షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్ కొన్ని రష్యన్ బీమా కంపెనీలకు అనుమతులిస్తూ వచ్చింది. వాటికి చెల్లించే శక్తి ఉందా, ఉన్నా ఆంక్షల మధ్య ఆ డబ్బు మన తీరానికి చేరుతుందా అన్నది ఇంతవరకు పరీక్షకు రాలేదు. రాకూడదనే కోరుకుందాం. కోరుకోవడం మాత్రం విధానం కాదు.

మన సన్నద్ధత ఎంతో 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర చూశాం. రెండు ఓడలు గుద్దుకుని సుమారు రెండు వందల టన్నుల నూనె ఒలికితే, ఒలికింది కొంచెమేనని మొదట చెప్పారు. తర్వాత వందలమంది యువకులు ఒడ్డున నిలబడి ప్లాస్టిక్ బకెట్లతో ఆ జిగురును తోడారు. ఒక వీఎల్‌సీసీలో ఉండేది 2.7 లక్షల టన్నులు.

ఆ ఓడల్లో పనిచేసేవాళ్ల సంగతి ఇంకొకటి. ప్రపంచ నావికుల్లో మనవాళ్లు పదో వంతు పైనే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి ఏటా ఎందరో కుర్రాళ్లు ఏజెంట్ల చేతుల్లో లక్షలు పోసి ఓడెక్కుతున్నారు. అనుభవం లేని కుర్రాడికి మొదటి ఉద్యోగం ఎక్కువగా ఇచ్చేది మంచి కంపెనీ కాదు, ఎవరూ ఎక్కని పాత ఓడ. జీతం ఎగ్గొట్టి, తిండీ నీళ్లూ లేకుండా ఓడతో సహా వదిలేసిన నావికులు 2024లో ప్రపంచమంతటా 3 వేలకు పైగా ఉన్నారని అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్క. ఏ దేశంవాళ్లు ఎక్కువంటే, భారతీయులే.

మన ఓడలు మనకు ఉంటే?

ఢిల్లీలో ఇప్పుడు వినిపిస్తున్న మాట ఇదే. 1980ల చివర్లో మన విదేశీ వాణిజ్యంలో సుమారు 40 శాతం మన జెండా ఓడలే మోసేవి. ఇప్పుడు 5 శాతం. 1961లో పెట్టిన షిప్పింగ్ కార్పొరేషన్‌ను అమ్మేద్దామని 2019లో కేంద్ర క్యాబినెట్ నిర్ణయించింది. ఆ అమ్మకం సాగలేదు, అదొక రకంగా మేలే అయింది. 2025 సెప్టెంబరులో నౌకా నిర్మాణానికి రూ.69,725 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ప్రభుత్వ చమురు కంపెనీలు, షిప్పింగ్ కార్పొరేషన్ కలిసి సొంత ఓడలు సమకూర్చుకోవాలని అనుకుంటున్నాయి. 2040 నాటికి వందకు పైగా ముడిచమురు ఓడలు కొనాలన్న ఆలోచన ఉన్నట్టు వార్తలొచ్చాయి.

ఆలోచన మంచిదే, సమయం మీదే అనుమానం. 2021 ఆరంభంలో 9 కోట్ల డాలర్లకు దొరికిన కొత్త వీఎల్‌సీసీ ఇప్పుడు 12 కోట్లు దాటింది. మన డబ్బుల్లో రూ.1,100 కోట్లు. 2023 చివరి నుంచి అందరూ మళ్లీ ఆర్డర్లు ఇస్తున్నారు. అవి 2026, 2027లలో వరుసగా దిగుతాయి. రష్యాతో రాజీ కుదిరి యూరప్ మళ్లీ ప్రిమోర్స్క్ చమురు కొనడం మొదలుపెడితే దూరం ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. 1975లో సూయజ్ తెరిచినప్పుడు జరిగిందే అప్పుడూ జరుగుతుంది. ధర మండుతున్నప్పుడు ఒకేసారి వంద ఓడలకు సంతకం పెట్టే ప్రభుత్వ సంస్థ, ఆ తర్వాత పదేళ్లు ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు రాసుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది. ఏటా కొన్ని చొప్పున, కిరాయిలు పడిపోయిన ఏళ్లలో కాస్త ఎక్కువగా కొనుక్కుంటూ పోవడం మేలు. పడిపోయిన ఏడు కొనడానికి ధైర్యం చేసిన అధికారికి రక్షణ ఉండాలి. మన వ్యవస్థలో లేనిది ఆ రక్షణే.

ఇక్కడే కట్టుకుందాం అన్నప్పుడు కొలతలు కూడా చూసుకోవాలి. వీఎల్‌సీసీ పొడవు సుమారు 333 మీటర్లు, వెడల్పు 60. దేశంలోకెల్లా పెద్దదని 2024 జనవరిలో ప్రారంభించిన కొచ్చి కొత్త డ్రై డాక్ పొడవు 310 మీటర్లు. 10 లక్షల బ్యారెళ్ల సూయజ్‌మ్యాక్స్ అందులో పడుతుంది, వీఎల్‌సీసీ పట్టదు. స్వతంత్ర భారతంలో తొలి ఆధునిక ఓడ జల ఉషను 1948లో నీళ్లలోకి దింపిన విశాఖ షిప్‌యార్డు సామర్థ్యం 80 వేల టన్నుల దగ్గర ఆగిపోయింది. ఇప్పుడది నౌకాదళానికి 44 వేల టన్నుల సరఫరా నౌకలు అయిదు కడుతోంది. తిరుపతి జిల్లా దుగరాజపట్నంలో భారీ నౌకా నిర్మాణ కేంద్రం అన్నది 2025లో ఇంకా ప్రతిపాదన దశలోనే ఉంది. ప్రపంచంలో కట్టే ఓడల్లో 90 శాతానికి పైగా చైనా, దక్షిణ కొరియా, జపాన్‌లవే. వాళ్లతో వీఎల్‌సీసీల్లో పోటీకి దిగే ముందు సూయజ్‌మ్యాక్స్, దానికంటే చిన్నదైన ఆఫ్రామ్యాక్స్ దగ్గర చేయి తిప్పుకోవడం వివేకం. రష్యా చమురు ఎక్కువగా వచ్చేదీ ఆ సైజుల్లోనే.

సొంత ఓడలు రావడానికి ఎటూ పదేళ్లు పడుతుంది. అంతవరకు పరాయి ఓడలే దిక్కు కాబట్టి వాటి మీద నిఘా వెంటనే చేయాల్సిన పని. అమెరికా, యూరప్, బ్రిటన్ ఆంక్షల్లో ఉన్న ట్యాంకర్లను తన రేవుల్లోకి రానివ్వనని 2025 సెప్టెంబరులో అదానీ పోర్ట్స్ ప్రకటించింది. ఒక ప్రైవేటు కంపెనీ తన వ్యాపార భయంతో చేసిన పని అది. ప్రభుత్వం పరాయి దేశాల జాబితాలను నెత్తికెత్తుకోవాల్సిన అవసరం లేదు. తన సొంత కొలబద్దలు తాను పెట్టుకోవాలి: ఓడ వయసు, తనిఖీ చేసిన సంస్థ, జెండా మార్చిన చరిత్ర, పరిహారం చెల్లించగల బీమా. ఓడ రేవు చేరకముందే ఏజెంటు ఈ వివరాలు అధికారుల చేతికిస్తాడు. విశాఖ, పారాదీప్, చెన్నై, వాడినార్‌లకు వచ్చే ప్రతి చమురు ఓడ వయసూ, జెండా, బీమా కంపెనీ పేరూ రేవు వెబ్‌సైట్లో అందరికీ కనిపించేలా పెట్టించాలి. ఆ తీరాల్లో వేటాడి బతికే మత్స్యకారులకు అది తెలుసుకునే హక్కు ఉంది. షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్ ఈ ఒక్క ఆదేశంతో మొదలుపెట్టాలి.